సూది చెప్పనిది

నా తప్పులన్నీ తెల్లవారుజాము నాలుగింటికే.
అప్పటికి లండన్‌లో రాగి బేరం ఊపందుకుంటుంది.
ఇక్కడ ఆంతోఫగాస్తాలో
సముద్రం మీంచి కమాంచాకా పొగమంచు పాకి వచ్చి
రేవు క్రేన్లను మెడదాకా మింగుతుంటుంది.

మూడు నెలలు ఒకే కొలత వాడాను.
ఏ రోజు కొన్నా, ఎంత కొన్నా
నలభై డాలర్ల కింద స్టాప్‌లాస్.
మంచి రోజుల్లో అది గోడ.
చెడ్డ రోజుల్లో గుమ్మం ముందు పట్టా:
ధర వచ్చి కాళ్ళు తుడుచుకుని
మళ్ళీ నేననుకున్న వైపే వెళ్ళిపోయేది,
నేను లేకుండా.

కింది వాటాలో ఎర్మెలిందా కిస్పే ఉంటుంది.
ముప్పయ్యొక్క ఏళ్ళు భూకంప కేంద్రంలో
సిరా సూదికి కాపలా.
డ్రమ్ముకి కాగితం మార్చడం, సూది మొండికేస్తే
దూదితో బుజ్జగించడం.
రిటైరైన రోజు పాత చుట్టలు కొన్ని ఇంటికి తెచ్చుకుని
అల్మరా అరల్లో పరిచింది.
ఆమె గిన్నెలు ఇవాళ్టికీ
ఏదో పాత మార్చి నెల వణుకు మీదే
బోర్లించి ఉంటాయి.

నిద్ర పట్టని ఒక రాత్రి చక్కెర కోసం వచ్చి
నా తెర చూసి ఆగిపోయింది.
ధరకి పైన ఒక గీత, కింద ఒక గీత.
బోలింజర్ పట్టీలు.
ఆరు రోజులుగా ఒకదానివైపు ఒకటి జరిగి జరిగి
ధరను ఇరుకు సందులో గాడిదలా నడిపిస్తున్నాయి.

"దీన్ని బిగింపు అంటారు," అన్నాను గొప్పగా.
"ఇంత బిగిశాక తెగక తప్పదు."
"ఎటు?"
"పైకి."
"ఎవరు చెప్పారు?"

గోదాముల్లో నిల్వ తగ్గిందన్నాను.
సమ్మె ఖాయమని, గని బస్సు నడిపే ఎలియెసెర్
తన నోటితో చెప్పాడన్నాను.
ఆమె టీలో చెంచా తిప్పుతూ ఉంది చాలాసేపు,
చక్కెర ఎప్పుడో కరిగిపోయాక కూడా.

"మా సూదీ అంతే నాయనా.
ఎంత అదిరిందో చెప్పేది.
ఎవరి ఇల్లు కూలుతుందో ఒక్కనాడూ చెప్పలేదు.
ఫోన్ చేసినవాళ్ళు మాత్రం
అదే అడిగేవారు."

తర్వాత తెర అడుగున వేలు పెట్టింది.
"ఈ సన్న గీత ఏమిటి?"
సగటు ఊగిసలాట.
రోజుకి ఎంత మేర కదులుతోందో చెబుతుంది.
ఇవాళ అరవై రెండు.
"అరవై రెండు ఊగేదానికి
నలభై గజాల దొడ్డి కట్టావా? ఎందుకు?"
గుండ్రని అంకె కదా అని,
అనబోయి మింగాను.

ఆ రాత్రి మొదటిసారి
నా భయంతో కాక బజారు అంగతో కొలిచాను.
అంగకి రెండింతలు: నూట ఇరవై నాలుగు.
వికారమైన అంకె.
దొడ్డి పెరిగింది కాబట్టి పశువుల్ని తగ్గించాలి.
నాలుగు లాట్లు కొనేవాణ్ణి ఒక్కటే కొన్నాను,
పెళ్ళి విందుకు పోయి
మజ్జిగ తాగి వచ్చినట్టు.

గురువారం తెగింది.
ముందు పైకే. పై పట్టీ చిరిగింది.
నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.
ఆమె లేవలేదు.
పదకొండు నిమిషాలు నేను తెలివైనవాణ్ణి.
ఆ తర్వాత ధర తిరగబడి
నడిమి గీత దాటి, కింది పట్టీ దాటి,
రెండు పట్టీలూ ఆవలించిన నోరులా తెరుచుకుంటుంటే
నూట ఇరవై నాలుగు కూడా పోయింది.

ఒక్క లాటు. నాలుగు కాదు.
మిగిలిన మూడింటి గురించి
ఎవరికి చెప్పుకోను?
పోని డబ్బుకి అభినందనలు ఉండవు.

అప్పుడే గాజు సామాను గలగలమంది.
పైన దీపం తీగ ఊగడం మొదలుపెట్టింది.
ఈ ఊళ్ళో ఇంత చిన్నదానికి ఎవరూ లేవరు.
"నాలుగున్నర," అంది ఆమె, దీపం కేసి చూసి.
తెర మీద ధర కూడా కదులుతోంది,
దీనితో దానికి ఏ చుట్టరికమూ లేకుండా.

ఊపు ఆగింది.
చక్కెర గిన్నె బల్ల అంచున పెట్టినట్టు నాకు గుర్తు.
ఇప్పుడది మధ్యలో ఉంది.
ఆమె దాన్ని ఎప్పుడు లోపలికి జరిపిందో
నేను చూడలేదు.